పెదనాయన తుపాకి, నా రెండో చందమామ

నా చిన్నప్పుడు ఆకాశంలో చందమామలు రెండుండేవి. ఒకటి పైన, ఇంకోటి దానికి కాస్త కిందుగా, ఎడమ పక్కన, మొదటిదాన్ని ఆనుకుని. అందరికీ అలాగే కనబడతాయని నా నమ్మకం. పెద్దవాళ్ళు చందమామ అని ఒకటే ఉన్నట్టు మాట్లాడితే, రెండింటినీ కలిపి ఒకే పేరుతో పిలుస్తున్నారనుకునేదాన్ని. కిందిది నాకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అదే అసలుదని, పైది దానికి తోడుగా వచ్చిందని ఎవరూ చెప్పకుండానే తేల్చేసుకున్నాను. ఆ రోజుల్లో నాకు పదేళ్ళు.

మాది పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో, బస్సు దిగి రెండు మైళ్ళు నడిచి వెళ్ళాల్సిన మెట్ట పల్లె. కాస్త జొన్న, కాస్త వేరుశెనగ, బావి కింద అరెకరం మల్బరీ తోట. ఇంట్లో సగం చోటు పట్టుపురుగుల తట్టలదే. అవి ఆకు తినే శబ్దం సన్నటి వాన కురుస్తున్నట్టు ఇల్లంతా వినిపించేది. ఆ శబ్దంలోనే నిద్రపోయి ఆ శబ్దంలోనే లేచేదాన్ని. ఇప్పటికీ వాన మొదలైతే మా ఇంటి పురుగులు మేతకు లేచాయనిపిస్తుంది.

మా పెదనాయన మిలిటరీ నుంచి వచ్చేసింది ఆ ఏడే. నాయన కుప్పం స్టేషనుకు పోయి, రైలు దిగిన అన్నను, ఆయన నల్ల ట్రంకుపెట్టెను బస్సుల మీద ఇంటికి చేర్చాడు. పెదనాయన పెళ్ళి చేసుకోలేదు. పాతికేళ్ళు ఆయన చేసిన పని తుపాకులు బాగుచేయడం. యుద్ధం కథలు చెప్పమని ఊళ్ళోవాళ్ళు చుట్టూ చేరితే, తాను చూసిన యుద్ధమంతా స్క్రూలతోనూ స్ప్రింగులతోనూ అని చెప్పి వాళ్ళను నిరాశపరిచేవాడు.

ఆ ట్రంకులో ఒక చిన్న తుపాకి ఉండేది. మందు పెట్టి పేల్చేది కాదు, గాలితో కొట్టేది. పెద్దవాళ్ళ జానెడున్నర పొడవు. గొట్టాన్ని వంచితే లోపల స్ప్రింగు బిగుసుకునేది. మినపగింజంత సీసపు గుండు అందులో పెట్టి గొట్టం మూసి కొట్టాలి. గొట్టం చివర పైన చిన్న ఇనప మొన. దాన్ని మిలిటరీలో హిందీలో ఈగ అంటారట. వెనక వైపు ఒక రేకు, దానికి ఒక గాడి. గాడి మధ్యలో ఈగ నిలబడాలి, ఈగ నెత్తిన గురి కూర్చోవాలి. ఇంతే విద్య అనేవాడు పెదనాయన, పెద్ద రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించి.

దాంతో ఆయన ఏ జీవాన్నీ కొట్టలేదు. జొన్న కంకి పాలు పోసుకునే కాలంలో చిలకలు గుంపులుగా వచ్చి పడేవి. చేని గట్టున కొయ్య నాటి, దానికి ఖాళీ డాల్డా డబ్బా వేలాడగట్టాడు. పదిహేను అడుగుల దూరం నుంచి దాన్ని గుండుతో కొడితే ఠంగున మోగేది, చిలకలన్నీ ఒక్కసారిగా లేచిపోయేవి. అంతకుముందు ఇలాంటి డబ్బాకే తాడు కట్టి లాగే పని నాది. తాడు లాగితే సరిపోయేదానికి తుపాకి ఎందుకని మా అమ్మ పెదనాయన వినకుండా గొణిగేది. ఆయనకు అన్నీ వినిపించేవి.

ఆ చలికాలంలోనే నా బతుకు మీద ఒక మాట పడింది. అరసంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో నాకు సున్నా వచ్చింది. అయ్యవారు నాయనను పిలిపించి, ఈ పిల్ల బోర్డు మీద ఉన్నదాన్ని ఉన్నట్టు దించుకోలేదు, ఒకటి వేస్తే పదకొండు అంటుంది, మూడు వేస్తే ఎనిమిది అంటుంది, చదువు ఎక్కే తల కాదని చెప్పాడు. ఆ సాయంత్రం తట్టల్లో ఆకు పరుస్తూ నాయన అమ్మతో అన్న మాట నేను తలుపు వెనక నుంచి విన్నాను.

"ఎండాకాలం సెలవులు వచ్చినాక ఇంగ బడికి వద్దులే. ఆకు కోసేదానికి మనిసి కావాల. ఈడ ఉంటే పనన్నా నేర్చుకుంటాది."

కోపంగా అనలేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. కోపమైతే మర్నాటికి పోయేది. నాకు బడంటే ప్రాణం. లెక్కలు రాకపోయినా పద్యాలు వచ్చు, పాఠాలు వినగానే నోటికొచ్చేవి. పట్టుపురుగుల మీద నాకు కోపం లేదు గానీ, బతుకంతా వాటి పక్కన కూర్చుని ఆకు వేస్తూ ఉండడం నావల్ల కాదనిపించింది. పెదనాయన కూడా ఆ మాట విన్నాడు. తమ్ముడి సంసారంలో వచ్చి రాగానే తలదూర్చడం ఇష్టం లేక, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారి మంచు ఇంకా విడవకముందే నన్ను లేపి చేని గట్టుకు తీసుకుపోయాడు. ఐదు గుండ్లు నా అరచేతిలో లెక్కపెట్టి వేశాడు. మిగతావి ఆయన జేబులోనే. తాను పక్కకు వెళ్తే గొట్టం వంచే ఉంచాలని, తాను వెనక నిలబడితే తప్ప గుండు పెట్టకూడదని చెప్పాడు. మంచులో జొన్నచేను సగం కనబడేది, సగం కనబడేది కాదు. కొయ్య మాత్రం నీళ్ళలోంచి లేచినట్టు నిలబడి ఉండేది. దానికి వేలాడుతూ డబ్బాలు. అవును, నాకు రెండు. ఎప్పటిలాగే కిందిదే అసలుదనుకుని దాన్ని చూసి కొట్టాను. మోగలేదు. మళ్ళీ కొట్టాను. రెండుసార్లూ డబ్బాకు ఎడమగా, కిందుగా జొన్నాకు కదిలింది గానీ డబ్బా మోగలేదు.

తుపాకి తప్పు కొడుతుంటే ఏం చేయాలో ఆయన ముందే చెప్పి ఉన్నాడు. వెనక రేకుకు పక్కన ఒక స్క్రూ, పైన ఒక స్క్రూ. గుండు ఎటు పోవాలో గాడిని అటు జరపాలి. కుడికి పోవాలంటే కుడికి, పైకి పోవాలంటే పైకి. అంత సులువైన న్యాయం నేను అంతవరకు ఎక్కడా చూడలేదు. ఆయన చిలకలు ఎక్కడ వాలాయో చూడ్డానికి గట్టు చివరిదాకా వెళ్ళినప్పుడు, వంచిన గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని, పిప్పరమెంట్ల కోసం అమ్మ ఇచ్చిన ఐదు పైసల బిళ్ళ అంచుతో రెండు స్క్రూలూ కాస్త కాస్త తిప్పాను. ఆయన వచ్చి వెనక నిలబడ్డాక మూడో గుండు కొట్టాను. ఠంగ్‌మంది. నాలుగోది, ఐదోది కూడా మోగాయి.

"సెయ్యి ఉండాది పాపకు!" అని పెదనాయన నా నెత్తిన చెయ్యి వేశాడు. ఆ మాట నాయన చెవిన పడితే చాలనుకున్నాను. ఇంత గురి ఉన్న పిల్ల మొద్దు ఎలా అవుతుంది?

సాయంత్రం చేను కాడికి పెదనాయన ఒక్కడే పోయేవాడు. బడి వదిలాక నేనూ వెనకే పరిగెత్తేదాన్ని. గొర్రెలు తోలుకుని ఇంటికి మళ్ళేవాళ్ళు, కూలికి పోయి వచ్చే ఆడవాళ్ళు కాసేపు ఆగి తమాషా చూసేవాళ్ళు. ఆ సాయంత్రం పెదనాయన కొట్టిన మొదటి గుండు మోగలేదు. రెండోది మోగలేదు. మూడోదీ అంతే. చిలకలు కంకుల మీద కూర్చుని ఆయన వైపే చూస్తున్నాయి.

"ఏమన్నా, మిలిటరీలో గూడా ఇట్లనే కొట్టినావా? మన దేశం ఎట్ల బతికిందప్పా!" అని గొర్రెలాయన అన్నాడు. అందరూ నవ్వారు. పెదనాయన కూడా నవ్వాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం కుడి చెయ్యి ముందుకు చాపి, పొద్దు వెలుగులో వేళ్ళు వణుకుతున్నాయేమో చూసుకున్నాడు. నేను జొన్న మొక్కల చాటున ఉన్నానని ఆయనకు తెలీదు. పాపం, ముసలాయన చెయ్యి పోయిందని నేను జాలిపడ్డాను. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి ఆయన గాడిని సరిచేయడం మాత్రం నేను చూడలేదు, అప్పటికి అమ్మ పిలిచిందని ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున నా మొదటి రెండు గుండ్లు మళ్ళీ ఊరికే పోయాయి. ట్రంకులో పెట్టేటప్పుడు స్క్రూ జారిందనుకుని బిళ్ళతో మళ్ళీ తిప్పాను. తర్వాతవి మోగాయి. సాయంత్రం పెదనాయనవి తప్పాయి, ఆయన మళ్ళీ తిప్పుకున్నాడు. ఇలా ఎనిమిది రోజులు. పొద్దున నేను, సాయంత్రం ఆయన, ఒకరికి తెలియకుండా ఒకరం ఆ చిన్న రేకును అటూ ఇటూ లాగుతూనే ఉన్నాం. నాకు ఆయన చెయ్యి మీద అనుమానం, ఆయనకూ ఆయన చెయ్యి మీదే అనుమానం. అన్నం తినేటప్పుడు కూడా ముద్ద పట్టుకుని వేళ్ళవైపు చూసుకునేవాడు. రాత్రి తువ్వాలు పరుచుకుని పడుకునే మనిషి సాయంత్రమే పడుకోవడం మొదలుపెట్టాడు.

తొమ్మిదో రోజు ఆదివారం. స్క్రూ వదులైందేమో చూపిద్దామని, తుపాకిలోంచి ఆ రేకు ఊడదీసి కాగితంలో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పుంగనూరు పోయాడు. అక్కడ బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉండేవాడు. కంటికి నల్ల గొట్టం తగిలించుకుని స్క్రూను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

"గట్టిగానే ఉండాది సామీ. దినామూ తిప్పతాండారు గదా, అందుకే అరిగింది. సగం గీతలు స్క్రూడ్రైవరువి. సగం మటుకు బిళ్ళతో తిప్పినవి. గాట్లో సూడండి, తెల్లగా అల్యూమినియం మెరస్తాండాది."

నా చెయ్యి లంగా జేబులో ఐదు పైసల బిళ్ళ మీదే ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, ఎనిమిది సాయంత్రాలు ఊరంతటి ముందు పెదనాయనను నవ్వులపాలు చేసింది నేనేనని. బస్సులో తిరిగి వస్తుంటే ఆయన ఆ రేకును వేళ్ళ మధ్య తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడు. కిటికీలోంచి చింతచెట్లు ఒక్కోటీ రెండేసి నీడలతో వెనక్కి పోతున్నాయి. ఈ విషయం నాయనకు తెలిస్తే బడి మాట అటుంచి, ఇల్లు కదలనివ్వడనుకున్నాను.

ఇంటికి వచ్చాక పెదనాయన రేకును బిగించాడు. గోడకున్న పాత క్యాలెండరు కాగితం ఒకటి చించి, వెనక తెల్ల వైపున బొగ్గుతో రూపాయంత నల్లచుక్క పెట్టాడు. పొట్టు నింపిన గోనెసంచికి దాన్ని కుట్టి గడ్డివామి ముందు నిలబెట్టాడు. స్క్రూలు తాకవద్దని కూడా అనలేదు. నాకు మూడు గుండ్లు ఇచ్చాడు, నేను కొట్టాను. తాను మూడు కొట్టాడు. తర్వాత ఇద్దరం కాగితం దగ్గరికి నడిచాం.

ఆయన మూడు చిల్లులూ చుక్క మీద, చుక్క అంచున ఉన్నాయి. నావి బెత్తెడు కిందుగా, ఎడమ వైపు ఉన్నాయి. మూడూ ఎంత దగ్గరగా ఉన్నాయంటే, పెదనాయన బొటనవేలు పెడితే మూడూ మూసుకుపోయాయి. ఆయన వేలు తీసి చూశాడు, మళ్ళీ పెట్టి చూశాడు. నేను తట్టుకోలేకపోయాను. బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టి, నేనే తిప్పినానని చెప్పి, గోనెసంచి పట్టుకుని బోరుమన్నాను.

తిడతాడనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. తన చెయ్యి పోలేదని తెలిసిన సంతోషమని అప్పుడు అనుకున్నాను. కొంత అదే కావచ్చు.

"ఏడవగాకు. ఈడ సూడు. సెయ్యి తప్పయితే గుండ్లు దిక్కుకొకటి పోతాయి. నీవి మూడూ ఒగే సోట పడినాయి. నీ సెయ్యి తప్పు కాదు. తుపాకి తప్పూ కాదు, నాకు సరిగా కొడతాండాది గదా. మద్యలో ఇంగేందో ఉండాది." తర్వాత నా ముందు గొంతుక్కూర్చుని అడిగాడు. "నువ్వు ఏ సుక్కను సూసి కొట్టినావు పాపా?"

"కిందిదాన్ని" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. నాకు ఆయనకు అర్థం కాకపోవడం అర్థం కాలేదు. "రెండుండాయి గదా పెదనాయనా, పైదొకటి, కిందిదొకటి. అన్నిటికీ ఉంటాయి గదా. చందమామకి గూడా" అని ఇంకా వెక్కుతూనే చెప్పాను.

పెదనాయన తన అరచేత్తో నా ఎడమ కన్ను మూశాడు, తర్వాత కుడి కన్ను మూశాడు. వేళ్ళు చూపించి లెక్కపెట్టమన్నాడు. దగ్గరగా ఉంటే సరిగా చెప్పాను. పది అడుగులు వెనక్కి పోయి చూపిస్తే ఒక వేలును రెండన్నాను. అయ్యవారు బోర్డు మీద ఒకటి వేస్తే నాకు ఎలా కనబడుతుందని అడిగాడు. పక్కపక్కన రెండు గీతలన్నాను. ఆ మాట విని ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. మిలిటరీ మనిషి కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆ కాగితాన్ని గోనెసంచి నుంచి విప్పి, తిన్నగా పురుగుల గదిలోకి పోయి, ఆకు పరుస్తున్న నాయన ముందు తట్ట మీదే పరిచాడు. ఇన్నాళ్ళూ తమ్ముడి సంసారంలో నోరెత్తని మనిషి ఆ పొద్దు గట్టిగానే మాట్లాడాడు.

"ఇది సూడరా. పాతికేండ్లు తుపాకులు పట్టినోని గుండ్లు ఇవి. నీ కూతురివి ఇవి. యావి దగ్గరగా పడినాయో నువ్వే సెప్పు. బిడ్డకు తల లేకపోవడం కాదు, సూపు సరిగా లేదు, కంటద్దాలు పెట్టాల. కనపడేది కనపడినట్టు రాసినందుకు సున్నా ఏసినారు. దాన్ని బడి మాన్పిస్తావా?"

నాయన ఆ కాగితం వంక, నా వంక చూశాడు. అమ్మ ఆడపిల్లకు అద్దాలా అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన చేతిలోని ఆకు తట్టలో వేసి, "మదనపల్లెకు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి, అన్నా?" అన్నాడు.

మదనపల్లెలో కంటి డాక్టరు నా కళ్ళు చూసి, నల్లగుడ్డు మీది పొర గుండ్రంగా ఉండాల్సింది కాస్త కోలగా ఉందని, అందుకే ఒకటి రెండుగా కనబడుతోందని చెప్పాడు. వారం తర్వాత అద్దాలు తెచ్చుకోవడానికి మళ్ళీ పోయాం, పెదనాయనా నేనూ. దుకాణంలో అవి ముక్కు మీద పెట్టుకుని వీధిలోకి వచ్చిన క్షణం ఇప్పటికీ కలలా ఉంటుంది. ఎదురుగా వేపచెట్టుకు ఆకులు విడివిడిగా ఉన్నాయి. బస్సు నుదుటి మీద ఊరి పేర్లున్నాయి. దూరంగా కొండ అంచు ఎవరో కత్తెరతో కత్తిరించినట్టుంది. లోకం ఇంత సన్నటి దారాలతో నేసి ఉందని ఎవరూ నాకు చెప్పలేదే అనిపించింది. ఎవరి ముఖం చూసినా ఒకటే ముఖం. పెదనాయనకు గడ్డం మీద చిన్న గాటు ఉందని ఆ రోజే చూశాను.

ఊరు చేరేసరికి పొద్దు గూకింది. బస్సు దిగి నడుస్తుంటే జొన్నచేల మీద చందమామ లేచింది. ఒక్కటే. నేను ఆగిపోయాను. అటూ ఇటూ వెదికాను. నా కింది చందమామ లేదు. అంత సంతోషంలోనూ దుఃఖం ఆగలేదు. పెదనాయన కారణం తెలుసుకుని నవ్వలేదు. నా ముక్కు మీది అద్దాలు మెల్లగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇప్పుడు సూడు. యాడికీ పోలేదు. ఈ అద్దాలు బడికి. అది నీకు."

ఆ ఏడు చివరి పరీక్షల్లో లెక్కల్లో గట్టెక్కాను. నాయన పాత చొక్కా గుడ్డతో అద్దాలకు సంచి కుట్టి ఇచ్చాడు, కుట్లు వంకరగా ఉన్నా చాలా ఏళ్ళు వాడాను. పెదనాయన తుపాకి గాడిని తన చూపుకు సరిచేసి వదిలేశాడు. అద్దాలు పెట్టుకుని కొడితే నా గుండ్లూ అక్కడే తగిలాయి. గొర్రెలాయన వచ్చిన సాయంత్రం వరసగా ఐదు మోగించి, పెదనాయన మీసం దువ్వుకున్నాడు. బిళ్ళ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. ఎనభైల్లో కుప్పం పక్కన శాంతిపురంలో మొదటి ఉద్యోగం. పిల్లల పలకలు దిద్దేటప్పుడు తప్పు కనబడగానే కొట్టేయడం నా చేతకాలేదు. ఇంకో రెండు తప్పుల కోసం ఎదురుచూసేదాన్ని. అవి దిక్కుకొకటి పడ్డాయా, ఒకేచోట పడ్డాయా అని చూసేదాన్ని. ఒకేచోట పడితే ఆ బిడ్డ పక్కన కూర్చుని, నీకు ఎలా కనబడుతోందమ్మా అని అడిగేదాన్ని. వాళ్ళు చెప్పే జవాబులు ఎన్నిసార్లు నన్ను ఆశ్చర్యపరిచాయో లెక్కలేదు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నాకు ఎవరో చేసిందే నేను చేశాను.

ఒక సెలవులకు ఇంటికి వచ్చేసరికి పెదనాయన మంచం మీదున్నాడు. కళ్ళలో పొర కమ్మింది, డాక్టరు దగ్గరికి పోదామంటే ఇంక చూడాల్సింది ఏముందిలే అనేవాడు. పొద్దు గూకాక మంచం వాకిట్లో వేశాం. పక్కన కూర్చున్నాను. ఆయన ఆకాశం వైపు ముఖం పెట్టి, నన్ను చూడకుండానే అడిగాడు.

"పాపా, ఆ రెండోది ఇంగా ఉండాదా?"

అద్దాలు తీశాను. కన్నీళ్ళకు చందమామలు రెండు కాదు, నాలుగు కనబడ్డాయి. తుడుచుకుని మళ్ళీ చూశాను. "ఉండాది పెదనాయనా. కిందనే ఉండాది."

"ఉండనీ" అన్నాడు. నా చెయ్యి వెదికి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి అప్పుడు కూడా వణకలేదు.

ఆ క్యాలెండరు కాగితం నా దగ్గరే ఉంది, ఆరు చిల్లులతో, మడతల దగ్గర చినిగిపోతూ. పున్నమి సాయంత్రాల్లో అద్దాలు కొంగుతో తుడుచుకునే సాకు పెట్టుకుని మేడమీదికి పోయి తలెత్తి చూస్తాను. కిందిది అక్కడే ఉంటుంది, కాస్త ఎడమగా. పక్కన ఎవరూ అడగకపోయినా, ఉండాది అని పైకే అంటాను.